కొంగున ముడేసిన బలపం

మడికొండ అంగన్‌వాడీలో భారతి టీచర్ నోటికి జడవని గర్భిణి లేదు. భోజనం పెట్టి, ఐరన్ గోలీ చేతిలో వేసి, అది గొంతు దిగేదాకా ఎదురుగా నిలబడేది. పోయిన నెల వాళ్లలో గుల్నాజ్ అనే ఆమె పళ్లకు బలపం పొడి కనిపిస్తే పదిమందిలో పరువు తీసింది.

"పలక మీద రాసేది నోట్లె పెట్టుకుంటవా? సిగ్గు లేదా నీకు?"

ఆ పూట గుల్నాజ్ అన్నం ముట్టకుండా వెళ్లిపోయింది.

గురివింద తన నలుపెరగదంటారు. భారతి ఎరుగును. పిల్లల డబ్బాలోంచి తీసిన బలపాలను కొంగున ముడేసుకుని, మూడేళ్లుగా చాటుగా కొరుకుతోంది.

ఆరు నెలలుగా ఆమెకు గొంతు నొప్పి, ముద్ద దిగదు. క్యాన్సరేమోనని భర్త ఓంకార్ బెంగపడి హన్మకొండ దవాఖానకు తీసుకెళ్లాడు. డాక్టర్ సంధ్యారాణి తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీయించింది. పాలిపోయిన కనురెప్పల లోపలి భాగం, గుంటలు పడ్డ గోళ్లు చూసింది.

"గొంతుల సన్నటి పొర అడ్డం పెరిగింది. శానా తక్కువ మందికి వస్తది. రక్తం లేకుంటె ఇట్లయితది. పొరను సాగదీస్తం గని, అసలు సంగతి దాస్తె మళ్ల పెరుగుతది, ముదిరితె క్యాన్సర్ సుత కావచ్చు. మట్టి, బలపాలు అసొంటివి తింటరా అమ్మా?"

"లేదు మేడమ్."

"ఆమె టీచర్ మేడమ్. తినొద్దని అందరికి చెప్పేదే ఆమె," అన్నాడు ఓంకార్ గర్వంగా.

ఆ గర్వానికి భారతి తల వాలిపోయింది. మెల్లగా కొంగు ముడి విప్పింది. సగం కొరికిన బలపం టేబుల్ మీద పడింది. ఓంకార్ దాన్ని చూశాడు కానీ ఆమెను చూడలేదు.

"సిగ్గెందుకమ్మా," అంది డాక్టర్. "ఒంట్ల ఐరన్ లేకుంటెనే దాని మీదికి మనసు గుంజుతది. అది సుత రోగమే."

భారతికి ఊరట కలగలేదు. గుల్నాజ్‌ది కూడా రోగమే కదా అని తోచి, సిగ్గు రెండింతలైంది.

గొట్టం వేసి పొరను సాగదీశారు. మూడో రోజుకు ఇడ్లీ నొప్పి లేకుండా దిగింది.

సోమవారం సెంటర్‌లో భోజనాలయ్యాక గుల్నాజ్ తల వంచుకునే చెయ్యి చాపింది. భారతి గోలీ ఇచ్చి, డాక్టర్ రాసిన తన గోలీ కూడా బయటికి తీసింది. పదిమందికీ వినబడాలనే గొంతు పెంచింది.

"నేను సుత బలపాలు తిన్న గుల్నాజ్, నీకంటె ఎక్కువ. ఆనాడు నిన్ను అన్నది తప్పు."

గుల్నాజ్ నవ్వలేదు, పర్వాలేదనీ అనలేదు. నీళ్ల గ్లాసు ముందుకు జరిపింది.

"ముందుగాల మీరు మింగుండ్రి టీచర్. నేను జూస్త."

గోలీ భారతి గొంతు దిగేదాకా గుల్నాజ్ ఎదురుగానే నిలబడింది.