సొట్ట గంట

బస్సు పెద్దారవీడు దాటి కొంత దూరం వచ్చాక ఆగిపోయింది. డ్రైవరు దిగి బండి కిందికి దూరాడు. బయటికి వచ్చి, ఇరుసు విరిగిందని, మార్కాపురం నుంచి మరొకటి తెచ్చి వేసేదాకా బండి కదలదని చెప్పాడు. జనం మూటలు దించుకొని పక్క ఊళ్ల దారి పట్టారు.

ప్రకాశరావు కండక్టరు దగ్గరికి వెళ్లాడు.

“సాయంత్రం రైలు అందుతుందా?”

“ఏ రైలు సార్?”

“గిద్దలూరు పోయేది.”

కండక్టరు పొద్దు వైపు చూశాడు. “బస్సులో పోయింటే అందేది,” అన్నాడు.

ప్రకాశరావు తెనాలిలోని ఒక ఇత్తడి కార్ఖానా తరఫున ఊరూరా తిరిగి గంటలు అమ్మేవాడు. బడి గంటలు, ఎద్దుల మెడ గంటలు, పూజ గంటలు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు అది. ఊరూరా కొత్త బడులు పెడుతున్నారు కాబట్టి ప్రతి బడికీ గంట కావాలని యజమాని అంచనా. బడుల్లో రైలు పట్టా ముక్క వేలాడగట్టి సుత్తితో కొడుతున్నారని, అది ఎన్నేళ్లయినా అరగదని ప్రకాశరావు రెండు ఉత్తరాలు రాశాడు. యజమాని నమ్మలేదు.

పుల్లలచెరువులో హెడ్మాస్టరు నమూనా మోగించి చూపమన్నాడు. ప్రకాశరావు మోగించాడు. పిల్లలు పలకలు చంకన పెట్టుకొని ఇళ్లకు పోయారు. హెడ్మాస్టరు గంట కొనలేదు సరికదా, పిల్లల్ని వెనక్కి పిలుచుకు రమ్మని ప్రకాశరావునే పంపాడు. హనుమంతునిపాడులో ఒక రైతు ఎద్దు మెడకు గంట కట్టి చూపమన్నాడు. ఎద్దుకు ఆ చప్పుడు కొత్త. బండితో సహా వాగులోకి దిగింది.

మిగిలింది గిద్దలూరు. అక్కడ ఇత్తడి సామాన్ల దుకాణం ఉన్న పుల్లయ్య, నమూనాలు నచ్చితే గంటలు తీసుకుంటానని కబురు చేశాడు. రేపు పొద్దున బండికి బెజవాడ పోతున్నాననీ, ఆ లోపల రాకపోతే అక్కడే వేరే కంపెనీతో మాట్లాడుకుంటాననీ అన్నాడు. గిద్దలూరు కూడా కుదరకపోతే పెట్టె తెచ్చి కార్ఖానాలో పెట్టి ఇంటికి పొమ్మని యజమాని చెప్పాడు. ఇంట్లో భార్య సావిత్రమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు.

కండక్టరు బస్సు పైకెక్కి పెట్టె అందించాడు. ప్రకాశరావు చేతులు చాచేలోపే వదిలాడు. పెట్టె బీగం ఊడి, గంటలు రోడ్డు మీద దొర్లాయి.

“గంటలే గదా సార్, పగలవులే,” అన్నాడు కండక్టరు.

ఒకటి పగిలింది. నడిమి సైజుది. అంచు సొట్టపడి, పక్కన సన్నగా చీలింది. పెట్టెలో ఒక్కో గంటకు ఒక్కో గుంట ఉంది. సొట్టపడ్డ గంట దాని గుంటలో పట్టలేదు. ప్రకాశరావు మిగతా వాటిని సర్ది, పెట్టెను తువ్వాలుతో బిగించి, ఆ గంటను రుమాలుతో పెట్టె పిడికి కట్టాడు.

వినుకొండ వైపు నుంచి లారీ ఒకటి వచ్చింది. ప్రకాశరావు రోడ్డు మధ్యకు పోయి చెయ్యెత్తాడు. లారీ పక్కకు తిరిగి, దుమ్ము లేపి పోయింది.

“వాళ్లు ఆపరు సార్. మనుషుల్ని ఎక్కించుకుంటే బ్రేకు ఇన్‌స్పెక్టరు కేసు రాస్తాడు,” అన్నాడు కండక్టరు. “ఆ డొంక పట్టుకోని చేలకడ్డం పడి పోండి. బిర్రుగా నడిస్తే స్టేషనుకు రైలుతో పాటే చేరతారు.”

ప్రకాశరావు పెట్టె భుజాన పెట్టుకొని డొంక దిగాడు. అడుగు వేసినప్పుడల్లా గంట పెట్టెకు తగిలి మోగింది. మంచి గంట మోతకు సాగదీత ఉంటుంది. దీనికి లేదు. టక్కుమని మొదలై అక్కడే ఆగిపోతోంది.

డొంక రోడ్డుకు ఎంతో దూరం పోలేదు. చాలాసేపు రోడ్డు పక్కనే సాగింది. ఇటు కంది చేలు, అటు కోసిన జొన్న చేలు. కొంతదూరం పోయాక వెనక అలికిడి వినిపించింది. తిరిగి చూస్తే గొర్రెలు. డొంక నిండా ఉన్నాయి. మనిషి కనిపించలేదు. ఆయన ఆగాడు. అవీ ఆగాయి. నడిచాడు. అవీ నడిచాయి.

“పొండి,” అన్నాడు.

ముందున్న గొర్రె ఆయన్ను చూస్తూ నిలబడింది.

ప్రకాశరావు పరుగెత్తాడు. గంట గట్టిగా మోగింది. వెనక గిట్టల చప్పుడు పెరిగింది. పొలాల మీదుగా కుక్క మొరుగుతూ వచ్చి డొంకకు అడ్డంగా నిలబడింది. దాని వెనక, గొంగడి భుజాన వేసుకొని, చేతికర్ర ఎత్తి ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“ఆగరా! అడుగు తీసినావంటే కాళ్లు ఇరగ్గొడతా! మందను యాడికి తోలుకపోతున్నావు?”

“నేను తోలటం లేదండీ. అవే వస్తున్నాయి.”

“అవే వస్తాండాయంట! ఇంటివా వదినా? గొర్రెలే దొంగను పట్టుకోని పోతాండాయంట!”

వెనక నుంచి వచ్చినామె పేరు నాగరత్నమ్మ. మంద ఆమెది. భర్త పోయాక మరిది ఆదెయ్యను తోడు పెట్టుకొని కొండ కింద మేపుతోంది. ఆమె ప్రకాశరావును చూడలేదు. పెట్టెకు వేలాడుతున్న గంటను చూసింది.

“నాయనా, ఆ గంట యాడిది?”

“మా కంపెనీదమ్మా.”

“ఒకసారి కదిలిచ్చు.”

ఆయన కదిలించాడు. ఆమె మొహం మారింది.

“మా పొట్టేలు మెడలోదే ఆదెయ్యా. ఆ సద్దే.”

మందకు ముందు నడిచే పొట్టేలుకు గంట కడతారు. గొర్రెలు కాపరి మాట కంటే ఆ సద్దు వెంటే పోతాయి. నాగరత్నమ్మ పొట్టేలు మొన్న కొండ కింద మాయమైంది. నెత్తురు చుక్కలు కనిపించాయి. గంటతో సహా చిరుత లాక్కుపోయిందనుకున్నారు. అప్పటినుంచి మంద నిలకడగా మేయడం లేదు.

ఆదెయ్య కర్ర కొన ప్రకాశరావు రొమ్ముకు ఆనించాడు.

“చిరుత ప్యాంటు తొడుక్కోని వచ్చినాది చూడు వదినా. పొట్టేలును కోసుకోని తిని, గంట పెట్టుకోని మంద కోసరం వచ్చినాడు.”

“నేను గంటలు అమ్ముకునేవాణ్ణి అన్నా. నాకు రైలుంది.”

“దొంగకు రైలు కాక ఏముంటాది? నడువు, ఊళ్లోకి పోదాం. పెద్దమనుషులు తేలుస్తారు.”

ఊరు ఉత్తరాన ఉంది. స్టేషను దక్షిణాన. ప్రకాశరావు పెట్టె దించి తువ్వాలు విప్పాడు. గంటలు ఒక్కొక్కటీ పైకి తీసి, లోపల కార్ఖానా ముద్ర చూపించాడు. ముద్ర మీద తెనాలి అని ఉంది. ఆదెయ్య కర్ర దించలేదు.

“తెనాలి దొంగవైతే తెనాలి అనే ఉంటాది.”

నాగరత్నమ్మ సొట్ట గంటను చేతిలోకి తీసుకొని చీలిక మీద వేలు పెట్టి చూసింది.

“మనది మా మామ నాటిది. నల్లబారిపోయింటాది. ఇది మెరుస్తాంది. చీలిక గూడా ఈ పక్కనుండాది, మనది ఆ పక్క. ఇది మనది కాదు ఆదెయ్యా.”

“మరి సద్దు?”

“పగిలినవన్నీ ఒకతీరు మోగుతాయేమో, నాకేం తెలుసు?”

ఆదెయ్య గొణిగాడు గానీ కర్ర దించాడు. ప్రకాశరావు గంట తీసుకొని మళ్లీ పిడికి కట్టడం మొదలుపెట్టాడు. రెండు ముళ్లు వేశాడు. అప్పుడే కుక్క మొరిగింది.

ముగ్గురూ తలెత్తారు. డొంకలో గొర్రెలు లేవు. మాటల్లో ఉండగా పక్క గట్టు ఎక్కి కిందికి దిగుతున్నాయి. కింద మల్లయ్య అనే రైతు జొన్న చేను ఉంది. కోసి చాలా రోజులైంది. మోళ్లకు చిగురు వచ్చి, వాన లేక వాడింది. ఆ చిగురును నాము అంటారు. నాము మేసిన గొర్రె కడుపుబ్బి, చేను దాటేలోపు పడిపోతుంది.

“నాము! వదినా, నాములోకి దిగుతాండాయి!” ఆదెయ్య కర్ర ఎత్తి పరుగెత్తబోయాడు.

నాగరత్నమ్మ అతని గొంగడి పట్టుకొని లాగింది. “ఎనక నుంచి తరమాకు! తరిమితే చేలోనే పడతాయి!” ప్రకాశరావు వైపు తిరిగింది. “గంట కొట్టు నాయనా! కొట్టు!”

ఎక్కువ దూరం వినిపించాలని ప్రకాశరావు పెట్టెలోంచి పెద్ద గంట తీశాడు. బడి గంట. రెండు చేతులా పట్టుకొని ఊపాడు. మోత పొలాల మీద సాగింది. గొర్రెలు బెదిరి, ఒక్కసారిగా చేను వైపు దూకాయి.

“అది కాదు! పగిలింది! పగిలింది కొట్టు!”

రుమాలు ముడి బిగిసిపోయి ఉంది. గోళ్లతో రాలేదు. పళ్లతో లాగాడు. రాలేదు. ముందున్న గొర్రెలు చేలో దిగి తలలు వంచాయి. ఆయన పెట్టెనే పైకెత్తి ఊపాడు. మిగిలిన గంటలన్నీ దొర్లి కిందపడ్డాయి. సొట్ట గంట ఖాళీ పెట్టెకు కొట్టుకుంది. టక్, టక్.

ముందున్న గొర్రె తలెత్తింది.

“ఊపుతా నడువు,” నాగరత్నమ్మ గొంతు తగ్గించి అంది. “రోడ్డు దిక్కు. ఎనక్కి చూడాకు. మా పొట్టేలు ఎప్పుడూ ఎనక్కి చూసేది కాదు.”

ప్రకాశరావు పెట్టె ఊపుతూ నడిచాడు. స్టేషనుకు వీపు పెట్టి నడిచాడు. వస్తున్నాయో లేదో తెలియలేదు. కొన్ని అడుగులు వేశాక వెనక గిట్టల చప్పుడు మొదలైంది. అది దగ్గరైంది. మోకాలి వెనక ఏదో తల తగిలింది. ఆయన తిరగలేదు. రోడ్డు గట్టు ఎక్కేదాకా నడిచి, అక్కడ ఆగాడు.

మంద ఆయన చుట్టూ నిలబడింది. ఒక గొర్రె మాత్రం ఆదెయ్య చేతుల్లో వచ్చింది. చేలో ముందు దిగినది అదే. ఆదెయ్య దాని నోట్లో వేలు పెట్టి ఆకు బయటికి లాగాడు. నాగరత్నమ్మ సద్దిమూటలో ఉన్న బెల్లం నీళ్లలో పిసికి దాని గొంతులో పోసింది. గొర్రె కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. దాని డొక్కలు ఎగసిపడుతున్నాయి.

దక్షిణం వైపు రైలు కూత వినిపించింది. ప్రకాశరావు పెట్టె మీద కూర్చున్నాడు. రెండో కూత స్టేషను వదిలేటప్పుడు వేసేది. అదీ వినిపించింది.

గొర్రె దవడ కదిలించింది. నెమరు వేసింది.

“బతికినాది,” అంది నాగరత్నమ్మ. అక్కడే నేల మీద కూలబడింది.

ఆదెయ్య డొంకలోకి పోయి, పడిపోయిన గంటలన్నీ ఏరి గొంగడిలో పోసుకొని తెచ్చాడు. ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో పెట్టాడు.

“ఆ చిరుత మాట మనసులో పెట్టుకోబాక అన్నా,” అన్నాడు. “ప్యాంటు చూసి అనేసినా.”

“రైలు పోయింది,” అన్నాడు ప్రకాశరావు. పుల్లయ్య సంగతి, యజమాని సంగతి చెప్పాడు. పొద్దున బండి వచ్చేలోపు గిద్దలూరు చేరకపోతే పని పోయినట్టేనన్నాడు.

“లారీలు పోతాయి గదా,” అంది నాగరత్నమ్మ.

“ఆపరమ్మా. ఇందాక చెయ్యెత్తి చూశాను.”

“లారీ ఆపేదానికి చెయ్యెందుకు నాయనా? గంట కొట్టుకుంటా రోడ్డు నడుమకు పో.”

పొద్దు దిగుతుండగా వినుకొండ వైపు దుమ్ము లేచింది. ప్రకాశరావు గంట ఊపుతూ రోడ్డు మధ్యకు నడిచి నిలబడ్డాడు. మంద వచ్చి ఆయన చుట్టూ చేరింది. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకు నిండింది. లారీ హారన్ కొట్టింది. ఒక్క గొర్రె కదలలేదు. లారీ ఇంకా వేగంగానే వస్తోంది. ఆదెయ్య కళ్లు మూసుకున్నాడు. ముందు చక్రం రోడ్డు దిగి, మళ్లీ ఎక్కి, గొర్రెలకు బారెడు దూరంలో ఆగింది.

డ్రైవరు తల బయట పెట్టాడు. “గొర్రెలు తీయండయ్యా! రోడ్డు మీ తాత ఏయించినాడా?”

“తీసేస్తాంలే,” అంది నాగరత్నమ్మ. “గిద్దలూరుకేనా?”

“గిద్దలూరు దాటి పోవాల. తీయండి ముందు!”

“ఈ అయ్యను ఎక్కించుకో. ఆయన ఎక్కితే గానీ అవి కదలవు.”

“కేసు రాస్తారమ్మా!”

“అట్లయితే ఈడనే పండుకో. సంగటి పెడతాంలే.”

డ్రైవరు గొర్రెలను చూశాడు. దిగి వెనక తలుపు తీశాడు.

ప్రకాశరావు ఎక్కబోతూ ఆగాడు. మంద ఆయన వెంటే లారీ దాకా వచ్చింది. ముందున్న గొర్రె ముందుకాళ్లు లారీ అంచుకు ఎత్తింది. ఆదెయ్య కొడవలి తీసి రుమాలు ముడి కోశాడు. ప్రకాశరావు గంటను నాగరత్నమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని ఊపుతూ చేల వైపు నడిచింది. మంద ఆమె వెంట రోడ్డు దిగింది. వెనక్కి చూడకుండా ఆమె అరిచింది.

“పదిలంగా పో నాయనా! మళ్లా ఈ దారిన వస్తే గంటలు గుడ్డలో చుట్టుకోని రా!”

లారీలో తవుడు బస్తాలు ఉన్నాయి. ప్రకాశరావు వాటి మధ్య పెట్టె పెట్టుకొని కూర్చున్నాడు. కంభం దగ్గర టీకి ఆగినప్పుడు, ఆ పెట్టెలో ఏముందని డ్రైవరు అడిగాడు. గంటలన్నాడు.

“ఏదీ, ఒకటి మోగిచ్చు.”

“ఇప్పుడు వద్దు,” అన్నాడు ప్రకాశరావు.

పొద్దున గిద్దలూరులో పుల్లయ్య మూట కట్టుకొని స్టేషనుకు బయల్దేరబోతున్నాడు. ప్రకాశరావు చొక్కాకు తవుడు అంటి ఉంది. పుల్లయ్య మూట దించి గంటలు చూశాడు. వేలితో మీటి ఒక్కొక్కటి విన్నాడు. నచ్చినట్టు తల ఊపాడు. తర్వాత ఖాళీగా ఉన్న గుంట మీద వేలు పెట్టాడు.

“ఇదేంది, నడిమిది లేదే?”

“అది దారిలో పోయిందండీ.”

“అమ్ముడుపోయినాదా? నమూనా గూడా వదల్లేదంటే గిరాకీ ఉన్నట్టే. ఎవురికి నచ్చినాది?”

ప్రకాశరావు చొక్కాకు అంటిన తవుడు దులుపుకున్నాడు.

“గొర్రెలకండీ,” అన్నాడు.

పుల్లయ్య నవ్వలేదు. ఈ చుట్టుపక్కల గొర్రెలు తక్కువేం కాదు. బెజవాడ మూట లోపల పెట్టి, భార్యను కేక వేసి, కాఫీ రెండు గ్లాసుల్లో పొయ్యమన్నాడు.