మందు కలపని నీళ్లు

పరీక్ష చేసే గాజు గొట్టంలో పూల్ నీళ్లు మళ్లీ ముదురు గులాబీ రంగుకి తిరిగాయి. పొద్దున్నే ఆసిడ్ పోసింది. మధ్యాహ్నం కాకముందే పీహెచ్ మళ్లీ పైకెక్కి కూర్చుంది. ఉప్పమ్మ గొట్టాన్ని విదిలించి, పూల్ చివర ఎగిరిపడుతున్న ఫౌంటెన్ వంక కొరకొరా చూసింది.

ఉప్పమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. నీళ్లలో ఉప్పు బస్తాలు కుమ్మరిస్తుంది గనక ఆ ఇంటి పిల్లలు అలా పిలవడం మొదలుపెట్టారు. ఆ బస్తాలు గేటు పక్కనే, వచ్చేవాళ్లకి కనబడేలా పేర్చి ఉంటాయి. ఆసిడ్ క్యాన్లు మాత్రం పంపు గదిలో పరదా కింద. "మాది ఉప్పునీళ్ల పూల్ అండీ, ఒక్క మందు కలపం" అని అమ్మగారు అందరికీ చెప్పుకుని మురిసిపోతుంది. ఉప్పు నుంచి క్లోరిన్ తీసే మిషను నడిచేకొద్దీ పీహెచ్ పెరుగుతుందనీ, ఫౌంటెన్ నీళ్లని ఎగరేసేకొద్దీ ఇంకా పెరుగుతుందనీ, దించాలంటే ఆసిడ్ తప్పదనీ మిషను బిగించినవాడు ఆవిడ ఎదుటే చెప్పాడు. ఆవిడ విన్నది. విని, ఆసిడ్‌ని దాచమంది.

పంపు గదికి ఒకప్పుడు కిటికీ ఉండేది. పచ్చికలో కూర్చున్నవాళ్లకి ఘాటు తగులుతోందని దానికి చెక్క కొట్టించారు. తలుపు మూసుకుని డ్రమ్ము నీళ్లలో ఆసిడ్ వంచితే, అక్కడి నుంచి పైపు పూల్‌లోకి లాక్కుంటుంది. ఉప్పమ్మ వాళ్ల అక్క ఏళ్ల తరబడి ఆ పనే చేసింది. ఇప్పుడు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుంటే తప్ప ఆమెకి ఊపిరాడదు. పుట్టుకతోనే ఆయాసం అయి ఉంటుందని ఈ ఇంట్లోవాళ్లు తేల్చేశారు. ఆ ఫౌంటెన్‌లో ఒక్క రంగు దీపం ఖరీదు అక్క నెల జీతం. దీపం మాడిపోతే సాయంత్రానికల్లా కొత్తది వచ్చేది. అక్క పడిపోతే చెల్లెలు వచ్చింది.

ఈరోజు ఇంటినిండా చుట్టాలు. పిల్లలు పూల్‌లో కేరింతలు కొడుతున్నారు. అమ్మగారు గబగబా వచ్చింది.

"నీళ్లు మసకేశాయేంటే?"

"పీహెచ్ పెరిగిందమ్మగారూ. ఫౌంటెన్ ఆపితే కాస్త నిదానిస్తుంది."

"చుట్టాలొచ్చిన రోజు ఫౌంటెన్ ఆపుతారా ఎవరైనా? పోసేదేదో పోసెయ్. తలుపేసుకో, వాసన రాకూడదు."

"పొద్దుటి నించీ గొంతు మండిపోతోంది. పోనీ బయటే, పూల్‌లోనే పోస్తాను. పిల్లల్ని కాసేపు పైకి రమ్మంటే చాలు."

అమ్మగారు చుట్టాల వైపు నవ్వుతూనే పళ్లు బిగించి అంది: "అందరి ముందూ క్యాను పట్టుకుని ఊరేగుతావా? నా పరువేం కావాలి? మీ అక్క ఇన్నేళ్లలో ఒక్కసారన్నా నోరెత్తిందా?"

ఉప్పమ్మకి ఒళ్లు మండిపోయింది. అక్క నోరెత్తలేదు, నిజమే. ఇప్పుడు ఎత్తుదామన్నా దగ్గు ఒక్క మాట పూర్తి కానివ్వదు.

పంపు గదిలోకి వెళ్లి చేతులకి తొడుగులు వేసుకుంది. పరదా లాగేసి, క్యాను ఎత్తుకుని, తలుపు బార్లా తీసి బయటికొచ్చింది. పచ్చిక మీదుగా నడుస్తుంటే కబుర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"పిల్లలూ, పైకి రండమ్మా. ఆసిడ్ పోయాలి."

"ఆసిడా?" ఒక పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. "ఇవి ఉప్పునీళ్లే కదా?"

తలలన్నీ అమ్మగారి వైపు తిరిగాయి. పిల్లలు నీళ్లు కారుతూ గట్టెక్కారు. అమ్మగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "లోపలికి తీసుకెళ్లు" అంది.

"తీసుకెళ్లనమ్మగారూ. రేపు కూడా తీసుకెళ్లను."

"అయితే రేపు రాకు."

ఉప్పమ్మ గట్టు మీద కూర్చుని మూత తిప్పింది. సన్నగా తెల్లటి పొగ లేచింది. అమ్మగారు చటుక్కున ముక్కు మూసుకుని వెనక్కి తగ్గింది.

"ఇంత గాలిలో ఇలా ఉంది," అంది ఉప్పమ్మ. "ఆ గది తలుపు తీసే ఉంది. వెళ్లి, లోపలి నించి వేసుకుని చూడండి."

ఎవరూ కదల్లేదు. ఫౌంటెన్ మాత్రం ఎగిరిపడుతూనే ఉంది.