జర ఆ సర్వ మాడవెట్టు

"అనసూర్యా, జర గా సర్వ మాడవెట్టు."

అనసూర్య సరిగానే విన్నది. నమ్మలేకపోయింది, అంతే. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి పాలు అడుగంటితే, "గిన్నె మాడ్చిన చెయ్యి కొంపను గూడ మాడుస్తది" అని అత్తమ్మ వాడంతా వినేట్టు అన్నది. గిన్నె మాడితే మాడు పగిలే ఇల్లు అది. వాకిట్లో చుట్టం నిలబడ్డా, కడుపులో నొప్పి మెలిపెట్టినా పాల మీంచి చూపు తిప్పకుండా ఆమె సగం ఆయుష్షు పొయ్యి ముందే నిలబడి గడిపింది. ఇప్పుడు అదే ఇంట్లో, అదే తల్లి కన్న కొడుకు పాలు కాచే సర్వ మాడ్చమంటున్నాడు. అదీ నల్లగా, దిట్టంగా, కెమెరాకు ఆనేట్టు.

ఎందుకంటే తెల్లవారితే లింగారావు లైవ్.

లింగారావుకు కరీంనగర్‌లో విత్తనాల దుకాణం ఉంది. దుకాణాన్ని గుమాస్తా చూసుకుంటాడు, ఇంటిని అనసూర్య చూసుకుంటుంది, ఆయన ఫోను చూసుకుంటాడు. ఇంట్లో చెంబు ఇటునుంచి అటు జరపడు గానీ, ఫోనులో వచ్చిందల్లా ముందుకు జరుపుతాడు. కొన్నాళ్లు చుట్టాల గ్రూపులో జరిపి, ఆ గ్రూపు చాలక 'లింగన్న చిట్కాలు' అని సొంత పేజీ పెట్టాడు. ప్రతిదీ 'మీకు తెలుసా?' అనే మొదలవుతుంది. మీకు తెలుసా, గిన్నె అంచుకు నూనె రాస్తే పాలు పొంగవు. మీకు తెలుసా, ఉల్లిగడ్డను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి కోస్తే కన్నీళ్లు రావు. ఈ ఇంట్లో కన్నీళ్లన్నీ ఉల్లిగడ్డవేనని ఆయన లెక్క. వంటింటి కబుర్లు అయిపోతే వింతలు. ఆక్టోపస్‌కు మూడు గుండెలు, ఎనిమిది చేతులు. కొన్ని నత్తలు మూడేండ్లు ఏకబిగిన నిద్రపోతాయట. కూరగాయలు తరుగుతూ అవి చదివి అనసూర్య అనుకున్నది, ఈ ఇంటికి నాకు ఎనిమిది చేతులు కావాలె, ఉన్న ఒక్క గుండె సంగతి ఎవరూ అడగరు, ఇగ నత్త నిద్ర ఏ జన్మ పుణ్యానికి దొరుకుతదో.

ఆ ఇంట్లో ఏది జరిగినా 'జర'తోనే జరుగుతుంది. జర చాయ్ పెట్టు. జర అవ్వ కాళ్లు వత్తు. జర పదిమందికి అన్నం వండు, దోస్తులొస్తున్నరు. జర అంటే కొంచెం. మోసమంతా ఆ కొంచెంలోనే ఉంది. ఇంత పెద్ద పని చెయ్యమంటే కాదనొచ్చు, తగాదా పడొచ్చు. 'జర' అన్నవాడితో ఏం తగాదా? అడిగినవాడు మెత్తనోడు, కాదన్నది గయ్యాళి. అలా జర జర అంటూ పొద్దు జరిగింది, ఏండ్లు జరిగాయి. మొన్న ఆయనే పంపాడు: మీకు తెలుసా, సంస్కృతంలో జర అంటే ముసలితనం. ఆ సంగతి అద్దం ఆమెకు ముందే చెప్పింది.

వీడియోల్లో గొంతు ఆయనది, చేతులు ఆమెవి. ఆ గాజుల చేతులు ఎవరివని చూసిన వేలమందిలో ఒక్కరూ అడగలేదు. ఆయనకు సబ్‌స్క్రైబర్లు, ఆమెకు స్క్రబ్బరు. మాడిన గిన్నె చిట్కా ఆ పేజీకంతా పేరు తెచ్చింది. వాడలో అడిగి తెచ్చిన మాడిన గిన్నెలో ఇంత తినేసోడా, ఇంత వెనిగర్ పోస్తే బుస్సుమని నురగొస్తుంది. "ఇగ జర ఆగుదాం" అని ఫోను ఆపి, లింగారావు హాల్లోకి వెళ్లి చాయ్ తాగుతాడు. తాగి వచ్చేసరికి గిన్నె తళతళ. "చూసిండ్రా, చిటికెల చిట్కా" అని మళ్లీ మొదలు. ఆ ఆపినదానికీ మొదలుపెట్టినదానికీ మధ్య చింతపండు ఉంది, ఇసుక ఉంది, ఇనుప పీచు ఉంది, భుజం దాకా పాకే నొప్పి ఉంది. అవేవీ వీడియోలో లేవు. నురగకు పేరొచ్చింది, చెయ్యికి పుండు వచ్చింది.

"వేరే గిన్నె మాడవెడ్త," అన్నది అనసూర్య. "గా సర్వ మా అవ్వ ఇచ్చింది."

"మందమున్నది, మాడితె మంచిగ కనవడ్తది," అన్నాడాయన, పేజీలోంచి కళ్లెత్తకుండా. "మళ్ల తెల్లగయ్యేదే గదా."

పుట్టిల్లు బోథ్ నుంచి కాపురానికి పంపిస్తూ తల్లి కొనిచ్చిన సర్వ అది. గిన్నెల మీద అల్లుడి పేరు కొట్టించడం రివాజు. అన్నింటి మీదా అలాగే కొట్టించి, దుకాణాయన వద్దన్నా ఆ ఒక్కదాని మెడ మీద మాత్రం 'అనసూర్య' అని కొట్టించింది. ఇల్లు ఆయన పేర, గ్యాసు ఆయన పేర, గేటు మీద ఆయన పేరు, చివరికి వీడియోల్లో ఆమె చేతుల మీద కూడా లింగన్న పేరు. ఈ ఇంట్లో ఆమె పేరు ఉన్న చోటు ఆ సర్వ ఒక్కటే. సర్వ తోమేది ఆమె, సర్వహక్కులు ఆయనవి.

అయినా మాడ్చింది. పాలూ చక్కెరా పోసి, మంట పెంచి, జీవితంలో మొదటిసారి పాలు పొంగుతుంటే చేతులు కట్టుకుని చూసింది. పొంగిన పాలు మెడ మీంచి కారి, పేరు మీద నల్లగా పేరుకున్నాయి. అత్తమ్మ వచ్చి తొంగిచూసి, కొడుకు పని కోసమని తెలిసి, "ఇంక జర మాడనియ్యి," అని వెళ్లిపోయింది. ఏ మంట ఎక్కువగా ఉందో, పొయ్యిదో తనదో, అనసూర్యకు తెలియలేదు.

పొద్దున లేచేసరికి ఒళ్లు పెనంలా ఉంది.

"నాకు జరమొచ్చింది," అన్నది.

స్టాండుకు ఫోను బిగిస్తున్న లింగారావుకు సగమే వినబడింది. "జరంతనే గదా. లైవ్ అయినంక పండుకో."

మిగతా సగం ఆలస్యంగా చెవికెక్కిందేమో, కాసేపటికి ఆమె ఫోను మోగింది. హాల్లోంచి ఆయనే పంపాడు. మీకు తెలుసా, జ్వరానికి నుదుటి మీద తడిగుడ్డ వేస్తే హాయి. ఆ గుడ్డను తడిపే చెయ్యి ఎవరిదో అందులో రాసి లేదు.

లైవ్ మొదలైంది. "ఇయ్యాల కట్ లేదు, కటింగ్ లేదు. మీ కండ్ల ముంగటనే," అన్నాడు లింగారావు. ఫోనుకు చేతులూ సర్వా మాత్రం కనబడేట్టు అనసూర్య వంటింటి బల్ల దగ్గర కూచున్నది. సోడా వేసింది. వెనిగర్ పోసింది. నురగ లేచింది, అణిగింది. "ఇగ జర ఆగుదాం," అని అలవాటుకొద్దీ చాయ్ కోసం లేవబోయి, లైవ్ అని గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆగి, ఆగి, నీళ్లు ఒంచమన్నాడు. ఒంచింది.

సర్వ బొగ్గులా ఉంది.

జమ్మికుంట నుంచి ఆయన చెల్లెలు రాసింది: ఏందన్నా, నల్లగనే ఉన్నది? దాని కింద ఇంకొకరు, ఇంకొకరు. లింగారావు సోడా డబ్బా తిప్పి చూశాడు. మోసం డబ్బాదేమోనని అనుమానం. ఆ ముఖం చూసినప్పుడు అనసూర్యకు అర్థమైంది. ఆయన నటించడం లేదు. సోడాయే తోముతుందని ఇన్నాళ్లూ నిజంగానే నమ్మాడు. చాయ్ తాగొచ్చేలోగా గిన్నె తనంతట తానే తెల్లబడుతుందనుకున్నాడు. అబద్ధమాడేవాడికి కనీసం నిజం తెలిసి ఉంటుంది. ఈ మనిషికి అది కూడా తెలియదు. ఆమె జ్వరం తలకెక్కింది. జ్వరమో, అంతకన్నా పాతదో.

"జర రుద్దు," అన్నాడు చిన్నగా, ఫోనుకు వినబడొద్దని.

అనసూర్య చేతులు బల్ల మీంచి తీసేసింది. కొంగుకు తుడుచుకున్నది. వీడియోలో సర్వ ఒక్కటే మిగిలింది.

"మీకు తెలుసా," అన్నదామె. గొంతు పెంచలేదు. ఆ పేజీలో ఆమె గొంతు మొదటిసారి వినబడటం అదే. "సోడా ఎన్నడు తోమలే. మీరు చాయ్ తాగవోయినప్పుడల్ల నేను తోమిన."

"ఏయ్, లైవ్ నడుస్తున్నది."

"అందుకే చెప్తున్న. గిది కట్ గాదు గదా."

"సరే, తర్వాత మాట్లాడుదాం. ఇప్పుడైతే జర..."

"నేను రుద్ద," అన్నదామె. "జరం తగ్గేదాక గాదు. మీ జర తగ్గేదాక."

పీచు తీసి ఆయన ముందు పెట్టి, గదిలోకి వెళ్లి, తలుపు దగ్గరికేసి పడుకుంది. పట్టపగలు. అత్తమ్మ హాల్లోంచి ఏదో అంటున్నది. అననీ. కట్ లేదు, కటింగ్ లేదు అని ఊరందరి ముందు చాటినవాడు ఆపనూ లేడు, లేచి పోనూ లేడు. కాసేపటికి వంటింట్లోంచి గర్రుమని చప్పుడు మొదలైంది. ఆగింది. మళ్లీ మొదలైంది. ఇన్నేండ్లు ఆ చప్పుడు ఆమె మోచేతిలోంచి మాత్రమే విన్నది. దూరం నుంచి వినడం ఇదే మొదలు. ఇంత కర్కశంగా ఉంటుందని తెలియనే తెలియదు.

దుప్పట్లో ఫోను తెరిచింది. అక్కడ లింగారావు చేతులు, చెమట, నల్లటి నీళ్లు. ఆ పేజీలో ఏనాడూ ఒక్క ముక్క రాయనిది, రాసింది:

"జర గట్టిగ రుద్దుండ్రి. నా పేరు ఇంకా కనవడ్తలేదు."