చెడని కందికట్టు

ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా వదిలి కర్నూలు జిల్లాలోకి మారింది గానీ, అలివేలమ్మ మాత్రం పొయ్యి ముందు నుంచి జానెడు కదలలేదు. ఆ మరుసటి వేసవిలో ఒకనాడు వెన్న కాచుతూ గుప్పెడు మునగాకు వేసింది. బడిలో సైన్సు చెప్పే భర్త శేషాద్రి ఎందుకని అడిగాడు. నెయ్యి పాడు వాసన పట్టకుండా, అంది. అంతే, ఆ రోజు నుంచి వంటిల్లు ఆమెది కాకుండా పోయింది.

ఆకుల్లో తిండి చెడకుండా ఆపే గుణం ఉందని రుజువు చేయాలని శేషాద్రి పట్టుదల. వేప, తంగేడు, గాయపాకు కషాయాలు ఆమె చేత కాయించి, ఆస్పత్రి కాంపౌండరు ఇచ్చిన ఖాళీ సీసాల్లో కందికట్టుతో, అంటే ఉడికిన కందిపప్పు తేటతో, కలిపి అలమారలో పెట్టాడు. ఒక సీసాలో మాత్రం ఉత్త కందికట్టు. అది పులిసి, తక్కినవి నిలిస్తే ఆకులు గెలిచినట్టు. గెలిచిన రోజే వంటిల్లు ఖాళీ చేస్తానన్నాడు.

నూరి, కాచి, వడగట్టి అలివేలమ్మ చేతులు చేదెక్కాయి. చారులో వేప, మజ్జిగలో వేప. వంట ఎందుకు అట్లా ఉందో తెలిసిన మొగుడు గనుక శేషాద్రి నోరెత్తకుండా తిన్నాడు.

చిక్కల్లా ఉత్త కందికట్టుతో వచ్చింది. పొద్దుటి పప్పు సాయంత్రానికి బుడగలు తేలే ఎండల్లో అది మునిలా కూర్చుంది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే.

"ఆకుల్లో ఏమీ లేదే అలివేలూ. ఏమీ వెయ్యనిది కూడా నిలిచినాక ఇంకేం చెప్పేది? రేపు అన్నీ పారబోస్తాను" అన్నాడు, అన్నం కెలుకుతూ.

ఆమెకు ప్రాణం లేచివచ్చింది.

తెల్లవారి వంటింట్లోకి వస్తే, అత్తగారు అన్నపూర్ణమ్మ మడికి తడిబట్ట కట్టుకుని అలమార ముందు నిలబడి, సీసాల మూతలు తీసి ఒక్కోదాంట్లో ఉప్పూ పసుపూ వేస్తున్నారు.

"ఏం చేస్తాండారత్తా?"

"ఏం చేసేది? ఎవరెవరి నోళ్ళు తగిలిన సీసాలో! మడి వంటింట్లో అట్లే పెట్టుకునేదా? రోజూ శుద్ధి చేస్తాండాను."

"రోజూనా?"

"మరి మీరు చేస్తారా, చదువుకున్నోళ్ళు!"

కందికట్టు రంగులో పసుపు కలిసిపోయింది. ఇన్నాళ్ళూ ఆ ఉత్త సీసాలో ఉన్నది ఊరగాయ!

నోరు మూసుకుంటే చాలు, వంటిల్లు దక్కుతుంది. మూసుకునే కాఫీ తీసుకెళ్ళింది. శేషాద్రి సీసాలకు గంప వెతుకుతున్నాడు.

"పాపం, నీ చేత ఇన్నాళ్ళు ఊరికే పొగ మింగించినాను."

ఊరికే అన్న మాట దగ్గర ఆమెకు ఒళ్ళు మండింది. ఈ పని దండగని తాను లోపల వెయ్యిసార్లు అనుకుంది, అది వేరు. ఆయన తేల్చేయడం వేరు.

"ఊరికేం కాదు. మీ అమ్మ సీసాల్లో ఏం వేస్తాండారో పోయి అడగండి."

అడిగి వచ్చిన మనిషి ముఖం వెలిగిపోతోంది. "పసుపు వేరుగా, ఉప్పు వేరుగా, ఆకులు వేరుగా! మొదటి నుంచి చేద్దాం!"

"మరి నా వంటిల్లు?"

"పొయ్యి లేకుండా ఎట్లా కుదురుతుందే?"

అలివేలమ్మ అత్తగారి వైపు తిరిగింది. "మడి వంటింట్లో కాచేది మడితోనే కాయాల కదత్తా. కషాయాలు ఇంక మీరే కాయండి."

అత్తగారు వెంటనే నొప్పంటూ నడుము పట్టుకున్నారు. అలివేలమ్మ మళ్ళీ కషాయం గరిటె పట్టుకుంది.