నలభయ్యో నంబరు ఇంటి బరువు

నలభయ్యో నంబరు ఇల్లు ఈ ఉదయం నేల మీంచి నాలుగు వేళ్ళ ఎత్తు లేచి ఉంది.

సన్యాసిరావు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, ఇంటికీ దాని కింద సిమెంటు దిమ్మెలకీ మధ్య చెయ్యి దూర్చి చూస్తాడు. చెయ్యి దేనికీ తగలదు. అవతలి వైపు నుంచి ఒక కోడిపెట్ట ఆ సందులోకి తల పెట్టి, అతని వేళ్ళని ఒకసారి చూసి వెళ్ళిపోతుంది. అతడు కాగితం మీద "నాలుగు వేళ్ళు" అని రాసుకుంటాడు.

ఈ కాలనీలో ఇళ్ళన్నీ ఫ్యాక్టరీలో తయారై లారీల మీద వచ్చినవే. పాత ఊరిని సముద్రం కోసేశాక, మిగిలిన వాళ్ళకి వీటిని ఇచ్చారు. అవి నేలకి సరిగ్గా బిగించి ఉన్నాయో లేదో చూడడం సన్యాసిరావు ఉద్యోగం. ఇంటికి పన్నెండు లంగర్లు, ఇసుకలోకి తిప్పి దించే ఇనుప మేకులు. ఒక్కొక్కటీ నాలుగున్నర అడుగుల లోతు దిగాలి. ఇంటి కప్పు మీదుగా ఒక లంగరు నుంచి ఇంకో లంగరుకి ఇనుప పట్టీ. దాన్ని వేలితో మీటితే ఖంగుమనాలి. ఇరవై రెండేళ్ళుగా అతడు పట్టీలు మీటుతూ బతుకుతున్నాడు.

ఇవాళ మూడు గంటలకి పెనుగాలి వస్తుందని రేడియో చెప్పింది. అప్పటికి బిగింపు కుదరని ఇంటిని క్రేనుతో ఎత్తి లారీ మీద వెనక్కి పంపెయ్యాలి. అలా వెనక్కి పోయిన ఇల్లు మళ్ళీ అదే మనిషికి రాదు.

లంగర్లు దించే గురయ్య చెమట తుడుచుకుంటూ వస్తాడు.

"తిప్పితే దిగతంది బాబూ. సెయ్యి తీసినానంటే పైకొచ్చేస్తంది. ఇసక ఒగ్గీస్తంది."

"మిగతా ముప్ఫై తొమ్మిది ఇళ్ళకీ పట్టింది కదా."

"ఆటికి బరువుంది. దీనికి నేదు. బరువు నేనిదాన్ని ఇసక మాత్రం ఎందుకు పట్టుకుంటది?"

సన్యాసిరావుకి ఆ మాట సబబుగానే తోస్తుంది. నిబంధనల పుస్తకం తెరుస్తాడు. ముప్ఫై ఒకటో పేజీతో అయిపోయే పుస్తకంలో ఇవాళ ముప్ఫై రెండోది ఉంది. సిరా ఇంకా ఆరలేదు. ఇంటి బరువు అనగా గోడలు, కప్పు, సామాను, ఆ ఇంట మనుషులు ఆడిన మాటలు. మాటలు లేని ఇంటికి లంగరు పనిచేయదు. అతడు పేజీ మీద ఊది, ఆరాక మూస్తాడు.

ఆ ఇంటి మనిషి ఎర్రమ్మ గుమ్మంలో కూర్చుని వల కుడుతూ ఉంటుంది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఆమె పాదాలు నేలకి అందడం లేదు. ఇంట్లోకి వచ్చి ఏడు నెలలైనా లోపల ఒక్క మాటా ఆడలేదు. వండడం బయట, ఇరుగమ్మలతో మాట్లాడడం బయట. లోపలికి నిద్రకి మాత్రమే వెళుతుంది. తలుపు పక్కన రేకు మీద ఆమె భర్త పేరు అచ్చువేసి ఉంది. ఇంటికోసం వేలిముద్ర వేసిన వారానికే అతడు చేపల వేటకి వెళ్ళాడు. పడవ తిరిగొచ్చింది. మనిషి రాలేదు. ఇల్లు ఆ తర్వాత వచ్చింది.

"లోపలికెళ్ళి ఏదో ఒకటి మాట్లాడమ్మా," అంటాడు సన్యాసిరావు.

"ఎవులితోటి?"

"ఎవరితోనైనా. గోడతోనైనా."

ఆమె సూది ఆపదు. "ఇల్లు ఆడి పేరు మీద ఉంది బాబూ. ఆడు రాకండా నాను ముందల మాటాడీసినాననుకో, ఇల్లు నాదైపోద్ది. ఇంక ఆడికి ఇందులో సోటు ఏటుంటది?"

ఇల్లు మోకాలెత్తు లేస్తుంది. ఎర్రమ్మ దారపు ఉండ జారి కింద పడితే, అతడు ఏరి చేతికి అందిస్తాడు.

గాలి రెండున్నరకే వచ్చేస్తుంది. ఇంకా వేళ కాలేదు కాబట్టి సరుగుడు తోపు దగ్గర ఆగి నిలబడుతుంది. అక్కడి చెట్లు మాత్రం ఒక వైపుకి వంగి ఉన్నాయి. క్రేను డ్రైవరు అరటిపండు తొక్క పారేసి ఇంజను స్టార్టు చేస్తాడు.

"పోనీ నేను మాట్లాడనా?" అంటాడు సన్యాసిరావు.

"నోరు మీది. మాటాడుకోండి."

గురయ్య ముక్కాలిపీట వేస్తాడు. సన్యాసిరావు చెప్పులు విడిచి లోపలికి ఎక్కుతాడు. బయటి నుంచి పదడుగులున్న గది లోపల చాలా పొడుగ్గా ఉంది. ఎదుటి గోడని చేరడానికి కొంతసేపు నడవాల్సి వస్తుంది. గోడ దగ్గర చుట్టిన చాప ఒక్కటే ఉంది. అతడు గొంతు సవరించుకుని నిబంధనలు మొదటి నుంచి చదువుతాడు. ఇల్లు ఇంకో జానెడు పైకి లేస్తుంది.

"అయి పొల్లు మాటలు బాబూ," అంటుంది ఎర్రమ్మ గుమ్మంలోంచి.

అతడు పుస్తకం మూస్తాడు. తర్వాత, ఎవరో అడిగినట్టే, చెప్పడం మొదలుపెడతాడు.

"మా ఆవిడ పేరు సుభద్ర. ఎక్కడి నుంచి వచ్చినా తీరిగ్గా కాళ్ళు కడుక్కుని గాని గడప దాటేది కాదు. ఆవేళ పదకొండింటికి ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. నేను ఒక ఇంటి పని మీద ఉన్నాను. ఇంకా నాలుగు లంగర్లున్నాయి. మధ్యలో వదిలి వెళ్ళకూడదని నిబంధన. వెళ్ళినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. పన్నెండూ బిగించాకే బయల్దేరాను. నేను వెళ్ళేసరికి మంచం మీద దుప్పటి మార్చేశారు."

ఇల్లు ఒక్క కుదుపుతో రెండు జానలు దిగుతుంది. బయట పొయ్యి మీద గిన్నె మూత చప్పుడవుతుంది.

ఎర్రమ్మ వల పక్కన పెట్టి లోపలికి వస్తుంది. ఆమెకి గది పొడుగు తక్కువే. రెండడుగుల్లో అతని దగ్గరికి చేరుతుంది.

"పన్నెండూ బిగించీసారా?" అని అడుగుతుంది. ఈ ఇంట్లో ఆమె మొదటి మాట అదే.

"బిగించేశాను."

"ఆ ఇల్లు నిలబడిందా?"

"నిలబడింది. ఇప్పటికీ ఉంది."

"మరైతే అందల ఎవులో అన్నం తింతన్నారు."

ఆమె దాన్ని ఓదార్పులా అనదు, తప్పు పట్టినట్టూ అనదు. సన్యాసిరావు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తాడు. చాలాసేపు తుడుస్తాడు. ఎర్రమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంటుంది.

"కొత్తింటి గోడలకి నీలం ఎయ్యాలని ఆడు. పసుపని నాను. ఇల్లు సూడకండానే ఆ పొద్దు దెబ్బలాడుకున్నాం. కోపంలో సద్ది కట్టనేదు. నాను పిలుస్తానేమోనని ఒడ్డున రెండుసార్లు ఎనక్కి సూసినాడు. సూసినాడని నాకు తెలుసు. నాను పిలవనేదు."

ఇల్లు దిగుతుంది, దిగుతుంది, ఆగుతుంది.

"ఇంకా ఒక్క ఏలు మిగిలిపోనాది!" కింద నుంచి గురయ్య అరుస్తాడు. "లంగరు పట్టడం నేదు!"

క్రేను కొక్కెం కిటికీ ముందుకి వచ్చి వేలాడుతుంది. ఎర్రమ్మ పెదాలు కదులుతాయి గాని మాట రాదు. ఆమె వీధిలో ఆడవాళ్ళు మొగుడి పేరు పైకి అనరు. జనాభా లెక్కలవాళ్ళు అడిగినా పక్కింటావిడే చెప్పింది. పదహారేళ్ళ కాపురంలో ఆ పేరు ఆమె నోట రాలేదు. సన్యాసిరావు ఆమెని తొందరపెట్టడు. మొహం పక్కకి తిప్పుకుంటాడు.

"దానయ్యా," అంటుంది ఎర్రమ్మ.

ఇల్లు గేదె కూర్చున్నట్టు కూర్చుంటుంది. ముందు ముంగాళ్ళు, తర్వాత వెనక వైపు. గది పదడుగులకి వచ్చేస్తుంది. కింద ఇసుక లంగర్లని ఒక్కొక్కటిగా పట్టుకోవడం వాళ్ళ అరికాళ్ళకి తెలుస్తుంది. గురయ్య పానాతో పట్టీలు బిగిస్తాడు. చివరిది ఖంగుమన్నాక లోపలికి దూరి తలుపు వేస్తాడు. క్రేను తన కొక్కెం తీసుకుని వెళ్ళిపోతుంది.

మూడు గంటలకి గాలి బయల్దేరుతుంది. ఇంటి చుట్టూ తిరుగుతూ ఒక్కొక్క పట్టీనీ మీటుతుంది, ఏ తొందరా లేకుండా, తనకీ అదే ఉద్యోగమన్నట్టు. లోపల ముగ్గురూ గోడకి ఆనుకుని కూర్చుంటారు. ఎర్రమ్మ మాట్లాడుతూనే ఉంటుంది. పసుపే వేయిస్తానని గోడతో అంటుంది. మళ్ళీ కొంచెం ఆగి, "కానీలే, ఒక గోడకి నీలమే ఎయ్యిద్దాం," అంటుంది.

నాలుగున్నరకి గాలి తనిఖీ ముగించుకుని పోతుంది. తలుపు తీసేసరికి నలభై ఇళ్ళూ ఉన్నచోటే ఉన్నాయి. సన్యాసిరావు సర్టిఫికెట్టు మీద సంతకం పెట్టి ఎర్రమ్మ చేతిలో పెడతాడు. ఆమె దాన్ని మడిచి బొడ్డులో దోపుకుని, సముద్రం వైపు చూసి, "ఒచ్చేస్తన్నారు," అంటుంది.

నీళ్ళలోంచి, పాత ఊరితో పాటు మునిగిపోయిన ఆడవాళ్ళు వరసగా నడిచి వస్తున్నారు. చేపల తట్టలు మోసినంత తేలిగ్గా, ఒక్కొక్కరూ నెత్తిన ఆ ఊరి కర్ర తలుపు ఒకటి మోసుకొస్తున్నారు. తలుపుల మీంచి నీళ్ళు కారుతున్నాయి. గడియలకి నాచు పట్టింది. ఒక్కొక్క ఇంటి ముందూ ఒక్కొక్క తలుపు దించి, మెడ నిమురుకుని, మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతున్నారు.

చివరి ఆమె మోసుకొచ్చింది నలభై ఒకటో తలుపు. దానికి ఇల్లు లేదు. ఆమె అటూ ఇటూ చూసి, తలుపుని నిలువుగా సన్యాసిరావు చేతుల్లో పెడుతుంది. అతడు కాళ్ళు ఎడంగా పెట్టి, ఇసుకలో మడమలు దిగేసి, దాన్ని రెండు చేతులా పట్టుకుంటాడు. చెక్క చల్లగా ఉంది. వెనకాల సముద్రం తప్ప ఏమీ లేదు.

అవతలి వైపు ఎవరో తీరిగ్గా కాళ్ళు కడుక్కుంటున్నారు.