పిడికిలి సందు

పిడికిలి దూరలేదు. ఫకీర్ మిస్త్రీ చెయ్యి వెనక్కి లాక్కుని, గుడ్డతో గ్రీజు తుడుచుకుని, మళ్లీ పెట్టాడు. జీపు వెనక టైరుకూ, దాని మీది మడ్‌గార్డుకూ మధ్య మూడు కణుపులు లోపలికి పోయాయి. నాలుగోది రేకు అంచుకు గీసుకుని తోలు లేచింది. లేచిన తోలుకు తగ్గ నొప్పి మాత్రం తెలియలేదు. వింతే, కానీ పని మధ్యలో వింతలు చూసుకునే తీరిక మిస్త్రీకి ఎక్కడిది?

"ఇంకో పట్టీ ఎయ్యాలె," అన్నాడు.

కొలిమి దగ్గర పంకా చక్రం తిప్పుతున్న అతని భార్య తాజ్‌బీ చెయ్యి ఆపింది. "ఒక్కటి సాలంటివి గద పొద్దుగాల?"

"అంటి, నిజమే. సందు సాలుతలేదు. నువ్వు తిప్పు."

ఆమె తిప్పింది. బొగ్గులు ఎర్రబడ్డాయి. వనపర్తిలో కొత్తకోట రోడ్డు మీద, తడకలు కప్పిన ఆ షెడ్డులో వాళ్లిద్దరి సంసారం ఎక్కువభాగం ఇలాగే గడిచింది. ఆమె గాలి కొడుతుంది, అతను ఇనుము కొడతాడు. ఇద్దరు కూతుళ్లను ఆత్మకూరుకు ఒకరినీ, గద్వాలకు ఒకరినీ ఇచ్చి పంపాక ఇంట్లో మాట్లాడుకోవడానికి మిగిలింది కూడా ఇనుము గురించే. ఫకీర్ తండ్రి ఊరూరా తిరిగి దూది ఏకేవాడు. జీవితమంతా దూదితో పనిచేసి దగ్గుతో పోయాడు. అందుకే కొడుకు, మెత్తటి సరుకు జోలికి పోనని ఇనుము పట్టాడు.

అతని పని కమాన్లు. బండి బరువంతా మోసేది అవే. విల్లులా వంచిన ఇనుప పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి, కట్టగా బిగించి, ఇరుసు మీద కూర్చోబెడతారు. పట్టీ కలిపితే బండి లేస్తుంది, తీస్తే కుంగుతుంది. ఎంత లేపాలన్నదే విద్య. ఆ విద్యకు ఈ రోడ్డు మీద టేపులూ స్కేళ్లూ లేవు, మిస్త్రీ పిడికిలే కొలత. టైరు మీద పిడికిలి నిలువుగా నిలబెడితే మడ్‌గార్డును తాకీ తాకనట్టు ఉండాలి. అంతకు తగ్గితే జనం ఎక్కగానే టైరు రేకుకు రుద్దుకుంటుంది. పెరిగితే ఏటవాలులో బండి పక్కకు పడుకుంటుంది. ఫకీర్ పని నేర్చుకోవడానికి వచ్చినప్పుడు ఉస్తాదు అతని ఊరడగలేదు, పేరడగలేదు. పిడికిలి బిగించమని, తన పిడికిలి పక్కన పెట్టి చూసి, "ఇంకా పెరగాలె, పోయి తిని రా," అని పంపేశాడు. పెరిగాకే చేర్చుకున్నాడు. అప్పటినుంచి ఆ చెయ్యి వేల బండ్లను కొలిచింది, ఒక్కటీ తప్పు చెప్పలేదు.

ఈ జీపు బాలకిష్టయ్యది. కొల్లాపూర్ అవతల, కృష్ణ ఒడ్డు ఊరు. మామిడి తోటలు గుత్తకు పట్టి, మిగతా రోజుల్లో జీపులో జనాన్ని నింపి తిప్పుతాడు. నింపడమంటే అతని లెక్కలో బానెట్ మీద కూడా చోటున్నట్టే. మనసు మంచిదే గాని ఏదైనా పెద్దదిగా కనబడకపోతే నచ్చదు. మీసం పెద్దది, గొంతు పెద్దది. పొద్దున్నే లారీలకు వేసేంత టైర్లు నాలుగు పైన కట్టుకుని దిగాడు.

"ఏడున్నర నంబరు ఫకీరన్నా! రేపు మనుమని పుట్టెంట్రుకలు. రేవు కాడ తియ్యాలె. ఆడోళ్లు, పిలగాళ్లు, సుట్టాలు అందరు ఈ బండిలనే. పోయినసారి రేవు బాటల రాయి తగిలి ఇరుసు నడిమి గుండు పగిలి నూనె కారింది. ఈసారి బండి ఆకాశంల పోవాలె."

ఫకీర్ ఒక టైరును దొర్లించి జీపు పక్కన ఆనించి చూశాడు. "ఆకాశంల పోతే మళ్ల కిందికి వచ్చుడు కష్టం కిష్టన్నా. రేవు బాట ఒక దిక్కు గుట్ట, ఒక దిక్కు లోయ. ఇంత టైరు ఎయ్యొద్దు. ఏడు నంబరు తే. ఒక పట్టీ కలుపుత. రాయి తగలది, బండి ఒరగది."

బాలకిష్టయ్య సణిగాడు, గొణిగాడు, చివరికి దుకాణంలో మార్చి తెచ్చాడు. ముందు కమాన్లు నిరుడు ఫకీర్ గట్టిగా వేసినవే, వాటిని ముట్టే పనిలేదు. వెనక రెండు కట్టల్లో తలా ఒక పట్టీ కలిపి బిగించాక, ఇదిగో, పిడికిలి దూరక మొండికేసింది. పాత పట్టీలు కుంగి ఉంటాయనుకున్నాడు ఫకీర్. ఇనుమును అనుమానించాడు, టైర్లను అనుమానించాడు. చేతిని అనుమానించాలని అతనికి తట్టనైనా లేదు. ఎవరికి మాత్రం తడుతుంది!

మధ్యాహ్నం దాకా రెండో పట్టీలు కాల్చి, వంచి, నీళ్లలో ముంచి, బిగించాడు. ఇదివరకైతే సమ్మెట ఎత్తి దించుతూ పాటందుకునేవాడు. ఇప్పుడు నాలుగు దెబ్బలకోసారి ఆగి, దాగలి మీద చెయ్యానించి, నోటితో గాలి పీలుస్తున్నాడు. రాత్రుళ్లు రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుంటే గాని పడుకోలేకపోతున్నాడు. చెప్పులు బిగుసుకుంటే పక్కపట్టీలు కోసేశాడు. దవాఖానకు పొమ్మని తాజ్‌బీ పోరుతూనే ఉంది. "కిష్టన్న బండి కానియ్యి," అన్నాడు. అంతకు ముందు వేరెవరిదో బండి కానిమ్మన్నాడు. మిస్త్రీల వాయిదాలకు వాళ్ల ఒళ్లు కూడా అతీతం కాదు.

ఈసారి పిడికిలి రుద్దుకుంటూ దూరింది. "ఇగ సరి," అన్నాడు.

కొత్త కమాన్ వేసిన బండి మొదటిసారి మిస్త్రీ లేకుండా కదలకూడదు. వెనక చక్రం మీది బల్ల మీద అతనే కూర్చోవాలి. వేసినవాడి ఒళ్లు ముందు, ఎక్కేవాళ్ల ఒళ్లు తర్వాత. ఆ రివాజు ప్రకారం ఫకీర్ ఎక్కాడు. శ్రీరంగాపూర్ రోడ్డు దిక్కు పోయి, కాలువ గట్టు వాలులోకి దించాడు బాలకిష్టయ్య. జీపు పక్కకు వంగింది. ఎత్తు వైపు కూర్చున్న ఫకీర్‌కు ఒక్క క్షణం తన కింది చక్రం నేల మీద లేదని తెలిసింది. కళ్లకు కాదు, పిర్రలకు తెలిసింది. వెంటనే చక్రం నేలకు తాకి బండి సర్దుకుంది.

"ఏనుగు లెక్క పోతున్నది ఫకీరన్నా!" బాలకిష్టయ్య ఈలవేశాడు.

"మళ్లొక్కసారి దించు."

రెండోసారి ఏమీ కాలేదు. బండిలో ఉన్నది ఇద్దరే. రేపు ఇందులో పదిహేనుమంది ఎక్కుతారు. పైన బుట్టలు, బిందెలు, కొబ్బరికాయల బస్తా. చెయ్యి సరే అంటోంది, పిర్రలు కాదంటున్నాయి. ఇన్నేళ్లలో ఆ రెండూ తగవు పడటం ఇదే మొదలు.

షెడ్డు దగ్గర అతన్ని దింపి, పిల్లవాడికి కొత్తబట్టలు కొనాలని బాలకిష్టయ్య జీపు తీసుకుని బజారుకు పోయాడు. పాత టైర్లు ఇక్కడే ఉన్నాయి కాబట్టి మళ్లీ రావాల్సిందే. ఫకీర్ గోడకానుకుని కూర్చున్నాడు. తాజ్‌బీ జొన్నరొట్టె, పచ్చిపులుసు ముందు పెట్టింది. అతను రొట్టె తుంచబోతే వేళ్లు వంగలేదు.

తాజ్‌బీ కంచం పక్కకు జరిపి అతని చెయ్యి పట్టుకుంది. మణికట్టు పైన బొటనవేలితో నొక్కి తీసింది. నొక్కిన చోట గుంట పడింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. గుంట పూడలేదు.

"ఇనుము కుంగలే," అంది ఆమె. గొంతులో ఏడుపు కంటే కోపమే ఎక్కువుంది. "నీ చెయ్యే ఉబ్బింది. కాళ్లు ఉబ్బె, మొకం ఉబ్బె, చెయ్యి ఉబ్బదా? కండ్లు లేవా నీకు?"

ఫకీర్ ఆ గుంటనే చూస్తున్నాడు. పట్టీని నొక్కితే లేవాలి. లేవనిది చచ్చిన పట్టీ, దాన్ని ఏ మిస్త్రీ అయినా తుక్కులో పారేస్తాడు. తన సంగతి అతనికి ఆ క్షణంలోనే అర్థమైంది. భయపడ్డాడు కూడా. కానీ ఆ భయం వెనకనుంచి ఇంకో భయం తోసుకొచ్చి ముందు నిలబడింది. ఉబ్బిన చేత్తో కొలిచిన బండి రేపు పసిపిల్లవాడితో సహా రేవు బాట దిగుతుంది.

లేచాడు. తాజ్‌బీ పిలుస్తున్నా వినకుండా బస్టాండు దిక్కు నడిచాడు. అక్కడ జీపుల అడ్డాలో కురుమయ్య జీపు ఉంటుంది. ఏడు నంబరు టైర్లు, ఒక పట్టీ ఎక్కువ, తను చెయ్యి బాగున్నప్పుడు వేసిన కమాన్లు. ఏళ్లుగా అడవి బాటలు తిరుగుతున్నా ఒరగని బండి. దారిలో రెండుచోట్ల కూర్చుని, గాలి అందాక మళ్లీ లేచాడు. చాయ్ హోటల్ పక్క వేపచెట్టు నుంచి పుల్ల విరిచి, కురుమయ్య జీపు వెనక టైరు మీద నిలబెట్టాడు. పొడుగైంది. కొన కొరికి మళ్లీ పెట్టాడు. ఇంకొంచెం కొరికాడు. చేదుకు మొహం ముడుచుకుంది. పుల్ల సందులో బిగుసుకుంది.

"ఏందన్నా, నా బండికి పండ్లు తోముతున్నవా?" కురుమయ్య నవ్వాడు.

"నీ బండి నిజం చెప్తది కురుమన్నా. మనుషులే చెప్తలేరు," అని పుల్ల జేబులో వేసుకుని తిరిగొచ్చాడు.

పొద్దు వాలేవేళకు బాలకిష్టయ్య జీపు వచ్చింది. ఫకీర్ దాని వెనక టైరు మీద పుల్ల నిలబెట్టాడు. అది మడ్‌గార్డును అందుకోలేక పక్కకు వాలి కింద పడింది.

"రెండు దిక్కుల ఒక్కో పట్టీ తియ్యాలె కిష్టన్నా."

"పుల్లను జూసి బండి దించుతరా? నువ్వే గద పిడికిలి పెట్టి సరి అంటివి! పొద్దుగూకుతున్నది, నేను ఇంటికి పోవాలె."

"నా చెయ్యి అబద్ధం చెప్పింది."

బాలకిష్టయ్యకు అర్థం కాలేదు. ఫకీర్ చెయ్యి చాచాడు. "నొక్కి సూడు."

నొక్కాడు. గుంట పడింది, అలాగే ఉండిపోయింది. బాలకిష్టయ్య పెద్దగొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. "అయ్యో, ఇదేంది ఫకీరన్నా! బండెక్కు. దవాఖానకు పోదాం పా."

"ఈ బండి నేనెక్క."

"జర నా మాటిను."

"వేసినోన్నే ఎక్కనంటున్న. నువ్వు పిలగాన్ని ఎట్ల ఎక్కిస్తవు? పట్టీ తీసినంక నువ్వు యాడికి రమ్మంటె ఆడికి వస్త."

బాలకిష్టయ్య చొక్కా చేతులు మడిచాడు. జాకీ తనే ఎత్తాడు. తాజ్‌బీ దీపం పట్టుకుంది. ఫకీర్ కుడివైపు కట్ట విప్పి, పొద్దున తను ముచ్చటగా వంచిన పట్టీని లాగి పారేశాడు. బోల్టులు బిగించేటప్పుడు పానా రెండుసార్లు చేతిలోంచి జారింది. బాలకిష్టయ్య అందుకోబోతే ఇవ్వలేదు. జాకీ దించాక, పుల్ల తీసి టైరు మీద నిలబెట్టి మడ్‌గార్డు కిందికి జరిపాడు. అది తాకీ తాకనట్టు నిలబడి, కొద్దిగా నెట్టగానే బిగుసుకుంది. ఫకీర్ మొహంలో ఆ రోజు మొదటిసారి నవ్వు కనిపించింది.

"ఎడమది చేసేముందు జర నీళ్లియ్యి," అన్నాడు తాజ్‌బీతో.

ఆమె దీపం నేల మీద పెట్టి కుండ దగ్గరికి పోయింది. తిరిగొచ్చేసరికి అతను అదే టైరుకు వీపానించి కూర్చున్నాడు. తల కొంచెం ముందుకు వాలింది. పని మధ్యలో అలా కునుకు తీయడం అతనికి అలవాటే. ఆమె గ్లాసు అందించి, తీసుకోకపోతే, "ఇగో," అంది. మళ్లీ, "ఇగో," అంది. గ్లాసు కింద పెట్టి అతని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ తర్వాత ఆమె ఏడ్చిన ఏడుపు రోడ్డు అవతలి దుకాణాల దాకా వినిపించింది.

మర్నాడు బాలకిష్టయ్య రేవుకు పోలేదు. ఇంటికి కబురు పంపి, జనాజాకు భుజం పట్టాడు. జీపు షెడ్డు ముందే, కుడివైపు కిందికి, ఎడమవైపు పైకి, కుంటిదానిలా నిలబడి ఉంది. మూడోనాటి ఫాతెహా అయ్యాక అతను ఆత్మకూరు నుంచి వెంకట్రాములు మిస్త్రీని తీసుకొచ్చాడు. తాజ్‌బీ గుమ్మంలో కూర్చుని చూస్తోంది.

వెంకట్రాములు జీపు చుట్టూ తిరిగాడు. "రెండు దిక్కులు సమం కావాలె. ఎత్తున్నదే బాగ కనబడుతున్నది. ఇది లేపాల్నా, అది దించాల్నా?" అని అడిగి, పిడికిలి బిగించి టైరు మీదికి వంగాడు.

బాలకిష్టయ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చెయ్యి పెట్టకు. అది దించు. పుల్ల ఉన్నది, దానికి సరి జెయ్యి."

వెంకట్రాములు వంగి చూశాడు. కుడి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేపపుల్ల పెట్టింది పెట్టినట్టే బిగుసుకుని ఉంది. పచ్చదనం పోయి బెరడు ఎండుతోంది, కొరికిన కొన మీద ఫకీర్ పంటిగాట్లు మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాయి.