పేర్రాజుగారికి అతికించిన నవ్వు

నేను ఒక ఫ్లెక్సీని. పుట్టినరోజులకూ, ఎన్నికలకూ, చావులకూ మేమంతా ఒకే మిషన్ మీద, ఒకే రంగులతో, ఒకే వాసనతో పుడతాం. నాకు ముందు పుట్టినవాడు వార్డు మెంబరుగా పోటీ చేసిన ఒకాయన. రెండు చేతులూ జోడించి, పళ్ళన్నీ బయటపెట్టి ఊరంతా వేలాడాడు. నా తర్వాత పుట్టింది ఎవరో పాప మొదటి పుట్టినరోజు. మధ్యలో నేను. నా మీద రాసింది "అశ్రునివాళి".

నా మీదకు రావలసిన మనిషి పేర్రాజుగారు. మా ఊరి బస్టాండులో ఎంక్వైరీ గదిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. కోపిష్టి అనుకునేరు, కాదు. ముఖమే అంత. కనుబొమలు రెండూ ముక్కు మీద కలుసుకుని, పెదాల కొనలు కిందికి దిగి, ఎప్పుడూ చేదు మాత్ర నమిలినట్టుండేవారు. కిటికీలోంచి ఆ ముఖం కనబడగానే బస్సు వెళ్ళిపోయిందని జనం అర్థం చేసుకుని, అడక్కుండానే వెనక్కి తిరిగేవారు. ఒక్కోసారి బస్సు అక్కడే ఉండేది.

ఆయన పోయిన మర్నాడు తమ్ముడు భద్రం, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోటో పట్టుకుని మా షాపుకు వచ్చాడు. డిజైన్ చేసే యేసుబాబు దాన్ని చూసి కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

"ఇదెడితే పరామర్శకొచ్చినోళ్ళు గుమ్మంలోంచే తిరిగెళ్ళిపోతారండి."

"మరేం చెయ్యమంటావ్? మా అన్నయ్య పెళ్ళిపీటల మీద కూడా ఇలాగే ఉన్నాడు. నువ్వే కాత్త నవ్వించవయ్యా."

యేసుబాబు నవ్వించాడు. వార్డు మెంబరుగా నిలబడ్డాయన నవ్వు ఇంకా కంప్యూటర్లోనే ఉంది. దాన్ని కత్తిరించి పేర్రాజుగారికి అతికించాడు. కనుబొమలు విడదీశాడు. బుగ్గలకు ఎరుపు పూశాడు. వెనక మబ్బులు, మబ్బుల్లో రెండు పావురాలు పెట్టాడు. ఆ సందడిలో అసలు ఫోటో ఎక్కడో పడిపోయి మళ్ళీ దొరకలేదు. నేను మాత్రం నా అందం చూసుకుని తెగ మురిసిపోయాను.

నన్ను తీసుకెళ్ళి పేర్రాజుగారి గుమ్మం పక్కన కట్టారు. వచ్చినవాళ్ళంతా "ఎంత కళగా ఉన్నారో" అని కళ్ళు ఒత్తుకున్నారు. బతికుండగా ఆయన కిటికీ దగ్గర ఆగనివాళ్ళు కూడా నా పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు. ఆయన భార్య వెంకాయమ్మగారు మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "ఎవరీయన?" అన్నారు.

దుఃఖంలో మతి చెదిరిందనుకున్నారంతా. మజ్జిగ తాగించి పడుకోబెట్టారు. ఆవిడ లేచి వచ్చి మళ్ళీ చూసి, "మా ఆయన కాదండీ బాబూ ఈయన" అన్నారు. ఆవిడ ఏడవలేదు. పెద్దకర్మ అయిపోయినా కంట చుక్క రాలేదు. ఆడపడుచులు పక్కన కూర్చుని బతిమాలారు. ఒకావిడైతే ఎలా ఏడవాలో ఏడ్చి చూపించింది కూడా.

భోజనాలకు వచ్చిన జనం వెళ్ళాక వెంకాయమ్మగారు నా ముందు నిలబడి మరిదితో అన్నారు: "కళ్ళు మూసుకుంటే మీ అన్నయ్య రావట్లేదు, భద్రం. ఈ నవ్వేవోడే వచ్చి కూర్చుంటన్నాడు. ఆయన మొహం మర్చిపోతన్నానేమోనని భయంగా ఉంది. పరాయి మగాడి ముందు ఎలా ఏడవను చెప్పు?"

"బాగానే ఉన్నాడు కదా వదినా. నవ్వితే తప్పేంటి?" అన్నాడు భద్రం.

నాకూ అదే అనిపించింది. ఫోటో తీసేటప్పుడు నవ్వు, నవ్వు అని ప్రాణం తీసే మనుషులు, తీరా నవ్వితే ఎవరో తెలీదంటారు.

తర్వాత నేను భద్రం పొలానికి వెళ్ళాను. అతను నన్ను నేల మీద పరిచి వడ్లు ఎండబోశాడు. నా మీద నడుస్తూ వాటిని తిరగేసేవాడు. అన్నగారన్న గౌరవంతో ముఖం దగ్గరకు వచ్చేసరికి చెప్పులు విడిచేవాడు. అక్కడి నుంచి పక్కరైతు గేదెల పాకకు అడ్డుగా వెళ్ళాను. ఒక గేదె రోజూ నా బుగ్గలు నాకేది. ఎన్నికల్లో ఓడిపోయిన ఆ నవ్వును మనస్ఫూర్తిగా ఇష్టపడింది అదొక్కటే. ఎండకు నా రంగులు దిగిపోయాయి. ముందు ఎరుపు పోయింది. పావురాలు మబ్బుల్లో కలిసిపోయాయి. నవ్వు మాత్రం గట్టిగా నిలిచింది.

చివరికి బస్టాండు బయట ఇడ్లీబండి పెట్టుకున్న తాయారు నన్ను అడిగి తెచ్చుకుంది. నాలుగు కర్రలకు పందిరిలా కట్టింది, అదీ బొమ్మ కిందివైపు ఉండేలా. "పైకెడితే కాకులు చూత్తాయి. నాకేంటి లాభం?" అంది.

వానలు మొదలయ్యాయి. వాన పడ్డప్పుడల్లా నా మధ్యలో నీళ్ళు నిలిచి పొట్ట కిందికి దిగేది. ఆ బరువుకు పెదాల కొనలు జారేవి, కనుబొమల మధ్య లోతుగా మడత పడేది. కింద తింటున్నవాళ్ళు తలెత్తి చూసి గబగబా ముగించి లేచేవారు. ఒక ముసలాయన పైకి చూసి, "అయితే కాకినాడ బస్సెళ్ళిపోయిందన్నమాట" అని నిట్టూర్చి ఇంటికి వెళ్ళిపోయాడు. "ఈయన్ని కట్టిన కాడ్నించీ రెండోసారి చట్నీ అడిగినోడు లేడు!" అని తాయారు సంబరపడేది. నాకు మాత్రం తలవంపులుగా ఉండేది. వాన వెలిశాక ఆమె కర్రతో నన్ను కిందినుంచి పొడిస్తే నీళ్ళు పక్కకు పోయి, నా నవ్వు నాకు వచ్చేది.

ఒకరోజు పొద్దున్నే జోరువాన పట్టుకుంది. ద్రాక్షారామంలో ఉన్న చెల్లెలింటికి బయల్దేరిన వెంకాయమ్మగారు తడవకుండా నా కిందకు వచ్చి నిలబడ్డారు. చెంగుతో తల తుడుచుకుంటూ పైకి చూశారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఏవండీ," అన్నారు.

ఆ తర్వాత బస్టాండంతా వినబడేలా అందుకున్నారు. "ఎక్కడికి పోయారండీ ఇన్నాళ్ళూ? ఎవడో పళ్ళికిలించేవోణ్ణి నా గుమ్మంలో నిలబెట్టి, మీరొచ్చి ఇడ్లీబండి ఎక్కారా? ఎంత ఎతుక్కున్నానండీ! కళ్ళు మూసుకున్నా రాకపోతే ఎలాగండీ నేను బతకడం?" అంటూ బెంచీ మీద కూలబడి ఏడ్చారు. ఇన్నాళ్ళూ లోపల ఉండిపోయిన ఏడుపంతా ఏడ్చారు. నాకు కూడా గుండె ఉంటే బాగుండుననిపించింది.

తాయారు కంగారుపడింది. ఏం చెయ్యాలో తోచక తనకు అలవాటైన పనే చేయబోయింది. కర్ర తీసింది.

"తొయ్యకే!" అని అరిచారు వెంకాయమ్మగారు. "నీళ్ళు తోసేత్తే ఆయన పోతాడే!"

"బరువుకి పందిరి కూలిపోద్దండమ్మా! పొయ్యారిపోద్ది!"

"ఆరనీ!"

ఇడ్లీ తింటున్నవాళ్ళు ప్లేట్లు పక్కన పెట్టి లేచారు. నలుగురు నాలుగు కర్రలనూ వాటేసుకుని పట్టుకున్నారు. ఎవరూ వాళ్ళను అడగలేదు. ఒక మనిషి చిరాకు చెదిరిపోకుండా నలుగురు కాపు కాయడం నేను చూడడం అదే మొదటిసారి. నా చిల్లుల్లోంచి నీళ్ళు ఆవిడ నెత్తిన కారుతున్నాయి. ఆవిడ కదల్లేదు. ఆ మడతనూ, ఆ పెదాల కొనలనూ చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి కళ్ళు మూసుకున్నారు. తెరిచి చూశారు. మళ్ళీ మూసుకున్నారు, ఈసారి చాలాసేపు.

ద్రాక్షారామం బస్సు వచ్చి హారన్ కొట్టింది.

"ఇంక తోసెయ్యవే తాయారూ," అన్నారు ఆవిడ ముఖం తుడుచుకుని లేస్తూ. "వచ్చేశారు."

తాయారు పొడిచింది. నీళ్ళు భళ్ళున పోయాయి. నేను బిగువుగా సాగి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాను. ఎప్పటిలాగే బాగా నవ్వాను. ఆవిడ నా వంక చూడనే లేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నారు. అద్దం వెనక పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆ మూసిన కళ్ళ లోపల ఎవరికో గట్టిగా చీవాట్లు పడుతున్నాయి.